ఊటకు సెలవు లేదు

మా మనవడి చొక్కా జేబులో ఒక అట్టముక్క ఉంటుంది. చెమటకు అంచులు మెత్తబడి, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. దాని మీద వరసకు పది చొప్పున నూరు గడులు. రోజూ పొద్దుగూకే వేళకు మోటారు సైకిలు మీద ఒకాయన వస్తాడు. బండి ఆపకుండానే నూరు రూపాయలు అందుకుని, ఒక గడిలో పొట్టి సంతకం గీకి వెళ్లిపోతాడు. గోదావరిఖని చౌరస్తాలో కూరగాయల బండి నుంచి ఎయిటింక్లైన్ కాలనీలో కుట్టుమిషను దాకా, సొంతంగా బతికే వాళ్లలో ఈ గిరిగిరి తెలియని వాళ్లు తక్కువ.

పదివేల గిరిగిరి తీసుకుంటే చేతికొచ్చేది తొమ్మిదివేలు. వెయ్యి ముందే పట్టుకుంటారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కడితే బాకీ చెల్లు.

"మిత్తి ఎంత పడుతుందిరా?" అని అడిగాను.

"ఏమున్నది తాతా! పదివేలకు వెయ్యి. నూరు రోజులంటే మూడు నెలల పైన పది రోజులు. నెలకు నూటికి మూడు రూపాయలు. బయట నోటు రాసిచ్చినా అంతే గదా."

వాడు ఐటీఐ చదివాడు. వెల్డింగ్ షాపు నడుపుతాడు. గేటుకు ఎన్ని అడుగుల పైపు పడుతుందో చూసి చెప్పేస్తాడు. అలాంటివాడు కూడా ఇక్కడ సగానికి సగం తప్పాడు.

తొమ్మిదివేలూ నూరో రోజు దాకా వాడి దగ్గరే ఉంటే వాడి లెక్క దాదాపు సరే. కానీ రెండో రోజు నుంచే అసలు వెనక్కి పోతోంది. యాభయ్యో రోజుకు అయిదువేలు కట్టేసి ఉంటాడు. మొదటిరోజు తొమ్మిదివేలు, చివరిరోజు సున్నా. సగటున వాడు వాడుకున్నది నాలుగున్నర వేలు. నాలుగున్నర వేల మీద నూరు రోజులకు వెయ్యి మిత్తి అంటే నూటికి 22 పైమాటే. రోజురోజుకూ తగ్గే అసలు మీద జాగ్రత్తగా కడితే నెలకు నూటికి 6 రూపాయల 40 పైసల దగ్గర తేలుతుంది. ఏడాదికి 78. అదీ మిత్తి మీద మిత్తి కలపకుండా.

ఇది గిరిగిరి వాళ్లొక్కరే చేసే గారడీ అనుకోవద్దు. టై కట్టుకున్న వాళ్లు ఇదే లెక్కను 'ఫ్లాట్ రేటు' అని చెబుతారు. పన్నెండు శాతం ఫ్లాట్ మీద ఏడాది వాయిదాలు కడితే అసలు రేటు 21 దాటుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ అప్పిచ్చే ముందు ఒక వివరాల కాగితం ఇవ్వాలని, అందులో ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు రాయాలని నియమం పెట్టింది. ఆ ఒక్క అంకె చూస్తే చాలు. అట్టముక్కల వాళ్లు అలాంటి కాగితం ఇవ్వరు కాబట్టి మన లెక్క మనమే కట్టుకోవాలి.

నేను గనిలో పంపు ఖలాసీగా పనిచేశాను. అప్పు సంగతి ఎవరు చెప్పినా నాకు సంపే గుర్తొస్తుంది. గనిలో పైకప్పు నుంచీ పక్కల నుంచీ నీళ్లు ఊరుతూనే ఉంటాయి. అవన్నీ సంపులోకి జారతాయి, అక్కణ్నుంచి పంపు పైకి తోడుతుంది. ఆదివారమైనా, దసరా అయినా, సమ్మె అయినా ఊట ఆగదు. గనులంటే బొగ్గు తవ్వడమే అనుకుంటారు గానీ నీళ్లు తోడటం అంతకంటే మొండి పని. ఆవిరి యంత్రం అనగానే అందరికీ రైలు గుర్తొస్తుంది కదా? 1712లో ఇంగ్లండులోని డడ్లీ దగ్గర థామస్ న్యూకొమెన్ నిలబెట్టిన ఆవిరి యంత్రం చేసింది మాత్రం బొగ్గు గనిలో నీళ్లు తోడే పనే. రైలు చాలా వెనక వచ్చింది.

సంపు దగ్గర చూడాల్సింది పంపు ఎంత పెద్దదన్నది కాదు, ఊట కంటే ఎంత ఎక్కువ తోడుతోందన్నది. లక్ష రూపాయల బాకీ, నూటికి మూడు రూపాయల మిత్తి అనుకో. నెలకు మూడువేలు కడితే మట్టం అంగుళం కదలదు. మనవడి మనవడు కూడా కడుతూనే ఉంటాడు. నాలుగువేలు కడితే 47 నెలలకు తీరుతుంది. అయిదువేలయితే 31 నెలలు. ఆరువేలయితే రెండేళ్లలోపే. మూడువేలకూ నాలుగువేలకూ తేడా వెయ్యే, ఎప్పటికీ తీరని దానికీ నాలుగేళ్లలో తీరేదానికీ ఉన్న తేడా కూడా ఆ వెయ్యే.

మా వాడికి నమ్మకం కుదరక ఫోనులో లెక్క వేసుకున్నాడు. "మరి సగం బాకీ సగం టైముల తీరాలె గదా తాతా? తీరుతలేదు."

తీరదు. నాలుగువేల చొప్పున కడితే లక్షలో మొదటి యాభైవేలు తీరడానికి 31 నెలలు పడుతుంది. మిగతా యాభైవేలకు 16 నెలలే. గని సంపుకూ అప్పుకూ తేడా ఇక్కడే వస్తుంది. గనిలో ఊట బండలోంచి వస్తుంది, సంపులో ఎన్ని నీళ్లున్నాయో దానికి పట్టదు. అప్పులో ఊట, ఉన్న నీళ్లలోంచే పుడుతుంది. మట్టం ఎక్కువ ఉంటే ఊట ఎక్కువ, తగ్గితే తక్కువ. మొదటి నెల నాలుగువేలలో మూడువేలు మిత్తికే పోతాయి. చివరి నెలల్లో దాదాపు అంతా అసలుకే పడుతుంది. చాలామంది మొదటి ఏడాది కట్టి, ఎంత కట్టినా తగ్గడంలేదని విసిగి వదిలేస్తారు. లెక్క తెలియక జరిగే నష్టాల్లో ఇది పెద్దది.

కట్టకుండా వదిలేస్తే లెక్క తిరగబడుతుంది. నెలకు మూడు చొప్పున మిత్తి అసలులో కలుస్తూ పోతే లక్ష రెండు లక్షలు కావడానికి రెండేళ్లు. 72ను రేటుతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం సుమారుగా వస్తుంది, జేబులో పెట్టుకోదగ్గ కిటుకు. స్విట్జర్లాండు గణితవేత్త జాకబ్ బెర్నూలీ 1683లో ఈ చక్రవడ్డీ మీదే ఒక ప్రశ్న వేసుకున్నాడు. రూపాయికి ఏడాదికి రూపాయి వడ్డీ. ఏడాది చివర ఒకేసారి కలిపితే రెండు రూపాయలు. ఆర్నెల్లకోసారి కలిపితే 2.25. నెలనెలా కలిపితే 2.61. రోజూ కలిపితే 2.71. క్షణక్షణం కలిపితే ఆకాశాన్ని అంటుతుందా? అంటదు. 2.718 దగ్గర ఆగిపోతుంది. సైన్సులో అడుగడుగునా తగిలే 'ఇ' అనే సంఖ్య అట్లా వడ్డీ లెక్కలోంచి బయటపడింది. వడ్డీ ఎన్నిసార్లు కలుపుతారన్నదాని కంటే రేటు ఎంతన్నదే మనిషిని ముంచుతుందని కూడా ఆ లెక్క చెప్పింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఊట నిలకడగా వస్తుంది, పంపుకు కరెంటు నిలకడగా రాదు. జీతగాడికి ఒకటో తారీకు అని ఒకటి ఉంటుంది. మా వాడికి అదేం లేదు. ఒక వారం మూడు గేట్లు, తర్వాత పదిరోజులు బండి స్టాండు వెల్డింగు తప్ప ఏమీ రాదు.

గణితం ప్రకారం ఎగుడుదిగుడు రాబడికి మందు సగటు. ఒక్కరోజు రాబడి ఊగినంతగా నెల రాబడి ఊగదు. నూరు రోజుల సగటు తీస్తే ఆ ఊగిసలాట ఒక్కరోజు దానిలో పదోవంతుకు పడిపోతుంది. వంద వర్గమూలం పది కాబట్టి. అయితే ఒక షరతుంది. ఒక రోజు గిరాకీకీ మరో రోజు గిరాకీకీ సంబంధం ఉండకూడదు. మన బొగ్గు బెల్టులో ఆ షరతు నిలవదు. ఇక్కడ టిఫిన్ బండి, ఆటో, కిరాణం, వెల్డింగు అన్నీ చివరికి సింగరేణి జీతం మీదే తిరుగుతాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా విధుల్లోకి వెళ్లలేదు. అలాంటి నెలలో ఏ దుకాణం గల్లా చూసినా ఒక్కటే. సగటు ఎవర్నీ కాపాడదు. పైగా 1990 ప్రాంతంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపులకు వచ్చారు. జీతగాళ్లు తగ్గారు, వాళ్ల పిల్లలు షాపులు పెట్టుకున్నారు, ఉన్న గిరాకీనే ఎక్కువమంది పంచుకుంటున్నారు.

ఇట్లాంటి రాబడి మీద రోజూ నూరు అనే వాయిదా పెడితే ఏమవుతుంది? గిరాకీ లేనిరోజు ఆ నూరు కోసం ఇంకో చోట చెయ్యి చాపాలి. ఒక గిరిగిరి కట్టడానికి మరో గిరిగిరి. మా వాడి జేబులో రెండో అట్టముక్క అట్లా వచ్చిందే.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన లెక్క ఒకటి చెబుతాను. నూటికి మూడు రూపాయల బాకీలో అయిదువేల వాయిదా ఒక నెల ఆలస్యమైతే పడే అదనపు మిత్తి నూటయాభై. అంతే. ఎగుడుదిగుడుగా కట్టడం వల్ల పెద్ద నష్టం లేదు. నష్టమంతా ఆ ఎగుడుదిగుడును దాచడానికి చేసే కొత్త అప్పులో, జరిమానాల్లో, బ్యాంకులో డబ్బు లేక వాయిదా తిరిగిపోయినప్పుడు పడే చార్జీల్లో ఉంది. కాబట్టి అప్పు ఇచ్చేవాడితో మొదట మాట్లాడుకోవాల్సింది మిత్తి తగ్గింపు గురించి కూడా కాదు. ఉన్నప్పుడు ఎక్కువ, లేనప్పుడు తక్కువ కట్టనిస్తావా, నోటు వెనక ఎప్పటికప్పుడు చెల్లు రాస్తావా అని. న్యూకొమెన్ తర్వాత మెరుగైన యంత్రం తెచ్చిన జేమ్స్ వాట్, అతని భాగస్వామి బౌల్టన్ గని యజమానులతో ఇట్లాంటి ఒప్పందమే చేసుకున్నారు. పాత యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు ఆదా అయిందో అందులో మూడోవంతు విలువ కడితే చాలు. మిగిలితేనే కట్టు.

మా వాడికి నేను చెప్పిన పద్ధతి ఇది. గడిచిన ఏడాదిలో బాగా పలచగా నడిచిన మూడు నెలలు తీసుకో. ఇనుము, కరెంటు, ఇల్లు పోను వాటిలో మిగిలిందెంతో చూడు. నెలవారీ వాయిదా ఆ మిగులుకు మించకూడదు. మంచి నెలలో పైన వచ్చింది షాపు డబ్బులో కలపకుండా, సగం ఎక్కువ మిత్తి ఉన్న బాకీకి, సగం పక్కన.

"బాకీ పెట్టుకొని పైసలు పక్కకు పెట్టుడేంది తాతా? మొత్తం బాకీకే కట్టాలె గదా."

మిత్తి లెక్క ఒక్కటే చూస్తే వాడిదే న్యాయం. కానీ డీన్ కార్లాన్, సెంథిల్ ముల్లైనాథన్, బెంజమిన్ రోత్ అనే ఆర్థికవేత్తలు చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ చిరువ్యాపారులతో ఒక ప్రయోగం చేశారు. వడ్డీ వ్యాపారులకు వాళ్లు బాకీపడ్డ సొమ్మంతా వీళ్లే కట్టేశారు. ఊరికే, ఉచితంగా. ఆరు వారాలు తిరక్కుండానే చాలామంది మళ్లీ అప్పులోకి దిగారు. ఒకటి రెండేళ్ల తర్వాత చూస్తే, బాకీ తీర్చిపెట్టిన వాళ్లకూ తీర్చని వాళ్లకూ అప్పు విషయంలో తేడా లేదు. దీనికి కారణం సోమరితనం అనే పెద్దమనుషులతో నాకు పేచీ ఉంది. సంపు ఖాళీ చేసి, స్టాండ్‌బై పంపు పెట్టకుండా వెళ్లిపోతే మర్నాడు కరెంటు పోగానే ఏమవుతుందో ఏ ఖలాసీనైనా అడగండి. పక్కన పెట్టిన ఆ సగం నెలరోజుల వాయిదాలకు సరిపడా అయ్యేదాకా పెరగనివ్వాలి. తర్వాత మొత్తం బాకీకే.

రెండు అట్టముక్కలనూ వదిలించుకోవడానికి మరో దారి ఇంట్లోనే ఉంది. కోడలి గొలుసు బ్యాంకులో కుదువపెడితే నెలకు నూటికి రూపాయి లోపే పడుతుంది సాధారణంగా. ఆరున్నర నుంచి రూపాయికి దిగడం చిన్న విషయం కాదు. ఆమెను అడగకుండా పెట్టడం మాత్రం లెక్కల్లోకి రాని ఖర్చు.

ఇంకో మాట వాడి ఖాతా పుస్తకం తిరగేస్తుంటే తోచింది. గేట్లు, కిటికీ గ్రిల్లులు బిగించి రావాల్సిన ఉద్దెర నలభై రెండువేలు ఉంది. దానికి పైసా మిత్తి లేదు. అంటే మా వాడు ఊరికి మిత్తి లేకుండా నలభై రెండువేలు అప్పిచ్చి, తను నూటికి ఆరున్నరకు పద్దెనిమిదివేలు తెచ్చుకున్నాడు. అడగడానికి మొహమాటం. అందరూ తెలిసినవాళ్లే, ఒకే కాలనీ.

మొహమాటానికి కూడా రుతువు ఉంటుంది. సింగరేణి లాభాల వాటా దసరా ముందర ప్రకటిస్తారు. 2024లో 33 శాతం వాటా కింద 796 కోట్లు ఇచ్చారు, సగటున ఒక్కొక్క కార్మికుడికి లక్షా తొంభైవేలు. కాంట్రాక్టు కార్మికులకు తొలిసారి అయిదువేల చొప్పున. ఆ వారం బట్టల దుకాణాల్లో, బంగారం కొట్లలో నిలబడే చోటుండదు. అందరి చేతుల్లోనూ ఉన్నప్పుడు అడిగితే ఎవరికీ నామోషీ అనిపించదు.

ఈసారి ఖాతాలో ఉన్నవాళ్లకు ప్రకటన వచ్చిన రోజే ఫోన్లు చేస్తానన్నాడు. మొదటి ఫోను వాళ్ల మేనమామకే చెయ్యాలి. గేటుకు తొమ్మిదివేలు ఆయనే ఆపాడు.