ఉప్పునీటి తొట్టిలో జరుపుడు పలకలు

మన ముదినేపల్లి ప్రాంతమున చేపలచెరువు నెఱుగని విద్యార్థి యుండడు. చెరువుగట్టున కట్టిన తూమును గమనించినయెడల, దాని గోడలలో నిలువు గాడులు కనబడును. ఒక గాడిలో చేపలు పోకుండ వల బిగించిన చట్రమును, తక్కిన గాడులలో ఒకదానిపై నొకటిగా చెక్కపలకలను దింపుదురు. రెండు వరుసల పలకల నడుమ బంకమన్ను కూరుదురు. నీటిమట్టము తగ్గింపవలసినప్పుడు పైపలక తీసివేయుదురు. పెంచవలసినప్పుడు మరల నుంచుదురు. గోడను ముట్టుకొన నక్కఱలేదు. ఈ తేలికయైన యుపాయము మన పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలోని ఉప్పునీటి తొట్టికి ఉపయోగపడిన విధమును, దాని మూలమున మేము నేర్చుకొనిన పాఠమును ఇచ్చట వివరింతుము.

ఆ తొట్టిలో రెండు చిన్న సముద్రపు చేపలును, గవ్వచిప్పలలో కాపురముండు పీతలును గలవు. సముద్రజలమున కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. చేపల విసర్జనమునుండియు, మిగిలిపోయిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. కంటికి కానరాని కొన్ని సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, మఱికొన్ని యా నైట్రైటును నైట్రేటుగను మార్చును. వీని స్వభావమును 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఈ సూక్ష్మజీవులు నివసించుటకు చోటును, ప్రాణవాయువు గల ప్రవాహమును కావలెను. అందులకై పైతొట్టి క్రింద వేఱొక తొట్టి నుంచుదుము. దీనిని అడుగుతొట్టి యందము.

పైతొట్టినుండి పొర్లిన నీరు గొట్టముద్వారా అడుగుతొట్టి మొదటి గదిలో పడి, గుడ్డసంచిలో వడపోయబడును. రెండవ గదిలో సన్నని రంధ్రములుగల పింగాణిముక్కలును, నురుగుతో మలినమును తీయు గొట్టమును ఉండును. మూడవ గదిలోని పంపు నీటిని మరల పైకి పంపును. గదుల నడుమ పలకలు నీటిని నిలుపుటచే మొదటి రెండు గదుల మట్టము స్థిరముగ నుండును. ఎండకాలమున ఆవిరియై పోవు నీటివలన మూడవ గది మట్టము మాత్రమే తగ్గును. ఉప్పు ఆవిరికాదు గనుక ఆ లోటును మంచినీటితోనే పూరింపవలెను.

సాధారణముగ నీ పలకలను గాజుతో చేసి కదలకుండ అతికింతురు. కాని నురుగుతీయు గొట్టము ఒక్కొక్కటి యొక్కొక్క లోతును కోరును. గొట్టము మారినప్పుడెల్ల తొట్టిని పగులదీయుట సాధ్యము కాదు. కావున మేము తూము పద్ధతి నవలంబించితిమి.

మా అడుగుతొట్టి పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 40 సెంటీమీటర్లు. దాని యెదురెదురు గోడలకు సన్నని గాజుబద్దలను జంటలుగా నిలువున అతికించి, జంటకు జంటకు కాక, జంటలోని రెండు బద్దల నడుమ 6 మిల్లీమీటర్ల గాడి విడిచితిమి. అతికించుటకు పులిసిన కాడినీటివాసన వచ్చు సిలికోనునే, బూజుమందు కలుపని దానిని, వాడితిమి. అది గట్టిపడువఱకు కొన్నిదినము లాగి, తొట్టిని మంచినీటితో కడిగితిమి. పలకలకు 5 మిల్లీమీటర్ల మందముగల అక్రిలిక్ తీసికొంటిమి. నీటిలో నది కొంచెము ఉబ్బును గనుక గాడిలో కొంత సందు అవసరము. అడుగుపలక యెత్తు 20 సెంటీమీటర్లు, దానిపై 2.5 సెంటీమీటర్ల పట్టీలు. రెండు పట్టీలుంచిన మట్టము 25, నాలుగుంచిన 30 అగును.

చెక్క తేలును, అక్రిలిక్ సముద్రజలముకంటె బరువైనది గనుక మునుగును. అయినను నీటిలో దాని బరువు చాలవఱకు తగ్గుటచే ప్రవాహమునకు కదలవచ్చును. పైన చిన్న ప్లాస్టిక్ చీల యవసరము. ఇనుపచీల తుప్పుపట్టును, రాగి పీతలను చంపును. పట్టీల సందులలో కొంచెము నీరు కారినను చింతలేదు. పంపు పంపునది అంతకు మిక్కిలి యెక్కువ.

ఇంతవఱకు పని చక్కగా జరిగెను. గత వర్షకాలమున నొకనాటి సాయంకాలము, నురుగు చాలుటలేదని తలచి, 9వ తరగతి విద్యార్థి నొకనిని పిలిచి, 25 మట్టమును 30కి పెంచుమనియు, మూడవ గదినికూడ నిండుగ నింపుమనియు చెప్పితిమి. అతడట్లే చేసెను. ఆ రాత్రి కరెంటు పోయెను. మఱునాడుదయమున మొదట వచ్చినవాడు ఆ బాలుడే. వట్టికాళ్లతో వచ్చి, గుమ్మముకడనే నేల తడిసియుండుట చూచి, లోన నడుగిడక మమ్ము పిలిచెను. పంపుతీగ తగిలించిన ప్లగ్గుపెట్టె ఆ తడినేలపైననే యుండెను. ఉప్పునీరు విద్యుత్తును బాగుగ ప్రసరింపజేయును. మేము భయపడితిమి, ఆ భయమున బాలునిపై కోపపడితిమి.

అతడు మాఱుమాట లాడలేదు. తరగతిలో సుద్దముక్క తీసికొని నల్లబల్లపై నీ లెక్క వ్రాసెను. పైతొట్టి పొడవు 90, వెడల్పు 45. నీటిని పైకి తెచ్చు గొట్టపుమూతి నీటిమట్టమునకు 5 సెంటీమీటర్లు క్రింద నున్నది. పంపు నిలిచినచో ఆ గొట్టమే నీటిని వెనుకకు పీల్చును. 90ని 45తోను, 5తోను గుణింప 20,250 ఘనసెంటీమీటర్లు, అనగా 20 లీటర్లకు పైన. అడుగుతొట్టి వైశాల్యము 1,800. కావున మట్టము 11.25 సెంటీమీటర్లు పెరుగును. 25తో కలిపిన 36.25, తొట్టిలో నిలుచును. 30తో కలిపిన 41.25, తొట్టి యెత్తు 40. రెండుంబావు లీటర్లు నేలపాలయ్యెను.

పలక లెత్తుమన్నది మేము. లెక్క చూడనిది మేము. తరగతి యెదుటనే ఆ మాట చెప్పి బాలుని మన్నింపుమని కోరితిమి.

పిదప ప్లగ్గుపెట్టెను గోడపై నెత్తుగ బిగించి, తీగను నడుమ వ్రేలాడునట్లు విడిచితిమి. తీగవెంట జారిన చుక్క అచ్చటనే రాలును, పెట్టెకు చేరదు. నేలకు కరెంటు పాఱినచో సరఫరాను నిలుపు సాధనమును పెట్టించితిమి. గొట్టమునకు నీటిమట్టమునకు 1 సెంటీమీటరు క్రింద చిన్న రంధ్రము చేసితిమి. మట్టము అచ్చటికి దిగగానే గాలి చొచ్చి పీల్పు తెగును. అప్పుడు దిగు నీరు 4 లీటర్లు మాత్రమే. కాని రంధ్రము పాచిచే మూసికొనవచ్చును. కావున 25కు మించి పలకలుంచరాదని తొట్టిపై ఎఱ్ఱగీత గీచితిమి. పలక మార్చిన ప్రతిసారి పగటివేళ పంపును మేమే నిలిపి, నీరెంతవఱకు లేచునో చూచుచున్నాము.

తూముకడ రైతు పలక తీయుటకుముందు బోదెలో నీరెంత యున్నదో వంగి చూచును. ఆ పలకలను రైతునుండి గ్రహించితిమి గాని ఆ చూపును గ్రహింపమైతిమి. దానిని మాకు నేర్పినవాడు ఆ బాలుడు. ఎఱ్ఱగీత ప్రక్కన లెక్కనుకూడ అతని చేతనే వ్రాయించితిమి. తొట్టిని చూడవచ్చు తలిదండ్రులు దానిని చదువగలరు.