మీకు తెలుసా? పలుచని పొరలో దారి మూసుకుపోయే ఎలక్ట్రాన్

● లోహంలో మలినాలు పెరిగితే కరెంటుకు నిరోధం పెరుగుతుందని బడిలోనే చదువుకుంటాం. అవి మితిమీరితే ఎలక్ట్రాన్ ఒకచోటే చిక్కుకుపోయి, ప్రవాహమే ఆగిపోగలదని 1958లో లెక్కగట్టి చూపినవాడు బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్. 1977లో ఆయన నోబెల్ పంచుకున్నాడు.

● ఎలక్ట్రాన్ అలలా కూడా నడుచుకుంటుంది. చిక్కు అక్కడే ఉంది. మలినాలకు తగిలి చెదిరిన అల ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన చోటికే రావచ్చు. ఆ చుట్టును కుడి నుంచి ఎడమకూ, ఎడమ నుంచి కుడికీ తిరగవచ్చు. రెండు దారుల పొడవూ ఒకటే కనుక అలలు మొదలైన చోట కలిసి బలపడతాయి. దాంతో తిరిగొచ్చే అవకాశం మామూలు లెక్కకు రెట్టింపవుతుంది. వెనక్కి రావడం పెరిగిందంటే ముందుకు సాగడం తగ్గిందన్నమాటే.

● పొర పలుచనైతే కథ మరీ విచిత్రం. అబ్రహామ్స్, ఆండర్సన్, లిచ్చియార్డెల్లోలతో కలిసి మన దేశపు టి.వి. రామకృష్ణన్ 1979లో రాసిన పత్రం తేల్చిందిదే: పొడవు, వెడల్పు మాత్రమే ఉన్న పొరలో మలినాలు ఎంత కొద్దిగా ఉన్నా, పొర తగినంత పెద్దదైతే, పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్లన్నీ చిక్కుకుపోవాల్సిందే. నాలుగే పేజీల ఆ పత్రం ఈ రంగానికి దారి వేసింది. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను మాత్రం అందులో లెక్కలోకి తీసుకోలేదు.

● మామూలు లోహం చల్లబడేకొద్దీ నిరోధం తగ్గుతుంది. కానీ అదే 1979లో డోలన్, ఓషెరాఫ్ అనే శాస్త్రవేత్తలు బంగారం-పల్లాడియం పలుచని పొరను బాగా చల్లబరిస్తే, ఆ పత్రం చెప్పిన తీరుకు తగ్గట్టే నిరోధం మెల్లగా పెరిగింది.

● చిన్న అయస్కాంత క్షేత్రం చాలు, చుట్టును ఎదురెదురుగా తిరిగొచ్చే ఆ రెండు అలల పొత్తు చెడుతుంది, నిరోధం తగ్గుతుంది.

● ఎలక్ట్రాన్ల వికర్షణనూ లెక్కలోకి తీసుకుంటే? ఆ ప్రశ్న తెగలేదు. 1979 పత్రం చెప్పినదానికి భిన్నంగా, 1994లో క్రావ్‌చెంకో బృందం శుభ్రమైన సిలికాన్ పొరల్లో చల్లబడేకొద్దీ నిరోధం పడిపోవడం చూసింది. దానికి కారణంపై వాదం ఇంకా ముగియలేదు.

● మలినాలను శత్రువులుగా చూడటం అన్యాయమని నా అభిప్రాయం. 1980లో గ్రెనోబుల్‌లో క్లాజ్ ఫాన్ క్లిట్జింగ్ బలమైన అయస్కాంత క్షేత్రంలో సిలికాన్ పొరను పరీక్షిస్తే, హాల్ నిరోధం (కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేది) మెట్లుమెట్లుగా కనిపించింది. ఆ మెట్లు చదునుగా, వెడల్పుగా నిలవడానికి కారణం మలినాల దగ్గర చిక్కుకున్న ఎలక్ట్రాన్లే. మొదటి మెట్టు విలువ సుమారు 25,812.807 ఓమ్‌లు. 1990 నుంచి ప్రపంచ దేశాల కొలతల ప్రయోగశాలలు ఓమ్‌ను సరిచూసుకునేది ఈ మెట్లతోనే.