చూడని సరుకుకు మాటే పూచీ

కలికిరిలో మా పొరుగున ఉండే ఒక సోదరి తమ కుమార్తె నికాహ్ కోసం సెల్‌ఫోన్‌లో ఒక పట్టుచీర ఎంచుకున్నారు. ఫొటోలో ముదురు ఆకుపచ్చ రంగు, వెడల్పాటి జరీ అంచు. "అసలైన పట్టే కదా, ఆపా?" అని వాట్సాప్‌లో అడిగారు. "నూటికి నూరు పాళ్లు" అని జవాబు వచ్చింది. సొమ్ము పంపారు. పది రోజులకు వచ్చిన చీర రంగు వేరు, నేత వేరు. "నేను అడిగినది ఇది కాదు" అని రాశారు. చదివినట్లు నీలి గుర్తులు పడ్డాయి గాని జవాబు రాలేదు. నికాహ్‌కు నాలుగు రోజులే మిగలడంతో మదనపల్లెకు వెళ్లి మరో చీర కొనుక్కొచ్చారు.

ఇది ఇంతటితో ముగిసి ఉంటే మోసగాళ్ల కథగా చెప్పుకొని ఊరుకునేవాళ్లం. కానీ ఆ సోదరి కూడా ఇంటి నుంచే చున్నీలు, డ్రెస్ మెటీరియళ్లు అమ్ముతారు. నికాహ్ ముగిసిన తర్వాత ఆమె అన్న మాట మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. "నేనూ ఎవరో పంపిన ఫొటోలే పంపుతున్నాను. రంగు పోదు కదా అని అడిగితే పోదు అంటున్నాను. ఉతికి చూసిందెప్పుడు?"

నేడు ఎన్నో ముస్లిం కుటుంబాలలో స్త్రీలు గడప దాటకుండానే ఇటువంటి వ్యాపారం చేస్తూ పిల్లల ఫీజులకు, ఇంటి ఖర్చులకు తోడ్పడుతున్నారు. అది అభినందనీయం. అయితే ఆ సంపాదన హలాల్ కావడం, కాకపోవడం చాలావరకు ఫోన్‌లో టైపు చేసే నాలుగు మాటల మీద ఆధారపడి ఉందన్న సంగతిని మనం గుర్తిస్తున్నామా?

మండీలో కన్ను, ఫోన్‌లో మాట

మన ప్రాంతానికి బేరసారాలు కొత్త కాదు. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడ కొనేవారు కాయను కళ్లారా చూసి ధర పలుకుతారు. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం దగ్గరకే వెళ్లి పట్టుచీర కొనేవారు అంచును వేలితో తడిమి, మడత విప్పి వెలుతురులో చూస్తారు. ఫోన్‌లో ఈ అవకాశం లేదు. కన్నూ చేయీ చేసే పనినంతా అక్కడ అమ్మేవారి మాటే చేయాలి.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. ఆ తడిని జనానికి కనిపించేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). వాన కురవడం ఆ వర్తకుడి తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. నేడు మనం పంపే ఫొటో ఆ రాశి పైభాగం వంటిది. కొనేవారు రాశిలోకి చేయి పోనివ్వలేరు. కనుక లోపలి తడిని అమ్మేవారే చెప్పాలి.

హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ప్రకారం, అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ నిజం పలికి, ఉన్నదున్నట్లు వివరిస్తే వారి బేరంలో శుభం కలుగుతుంది. దాచిపెట్టి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుంది (బుఖారీ, ముస్లిం). ఇక్కడ నిజం పలకడం, వివరించడం అని రెండు బాధ్యతలు ఉన్నాయి. అడిగినదానికి అబద్ధం చెప్పకపోవడంతోనే పని పూర్తికాదు. అడగని లోపాన్ని కూడా బయటపెట్టాలి.

మన దగ్గర లేని సరుకు

తమ వద్ద లేని దాన్ని అమ్మవద్దని కూడా దైవప్రవక్త (స) ఇదే హకీమ్ (రజి)కు బోధించారు. ఇతరుల ఫొటోలు పంపి, ఆర్డరు వచ్చాక సరుకు తెప్పించేవారు ఈ బోధను శ్రద్ధగా గమనించాలి. దీనికి ధర్మసమ్మతమైన మార్గాలు లేకపోలేదు. "సరుకు నాది కాదు, ఫలానా దుకాణం నుంచి ఇప్పిస్తాను, నాకు కమీషన్ వస్తుంది" అని స్పష్టంగా చెప్పి మధ్యవర్తిగా ఉండవచ్చు. కొత్తగా చీర నేయించి ఇచ్చే ఒప్పందమైతే దానికి ఇస్తిస్నా అనే ప్రత్యేక విధానం ఉంది. ధర ముందే చెల్లించి సరుకు తర్వాత పొందే సలమ్ పద్ధతికి కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని దైవప్రవక్త (స) షరతు విధించారు. తమ వ్యాపారానికి ఏది వర్తిస్తుందో దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.

చూడకుండా కొన్న వస్తువును చూసిన తర్వాత ఉంచుకునేందుకు గాని, తిరిగి ఇచ్చేందుకు గాని కొన్నవారికి హనఫీ ధర్మశాస్త్రం హక్కు కల్పించింది. దాన్ని ఖియారె రూయత్ అంటారు. "ఒకసారి అమ్మితే వాపసు లేదు" అని గ్రూపుల్లో రాసుకునేవారు ఈ హక్కును గుర్తుంచుకోవాలి.

కొనేవారి బాధ్యత

అమ్మేవారినే తప్పుపట్టడం న్యాయం కాదు. పండుగకు దుస్తులు తెప్పించుకొని, ఒకరోజు తొడుక్కొని, "సైజు సరిపోలేదు" అని తిప్పి పంపేవారు ఉన్నారు. సరుకు ఇంటికి వచ్చాక డబ్బు చెల్లిస్తామని ఆర్డరు ఇచ్చి, తీరా గుమ్మం ముందుకు వచ్చాక వద్దనేవారు ఉన్నారు. రానుపోను ఖర్చు ఆ చిన్న వ్యాపారి మీద పడుతుంది. బాగున్న వస్తువుకు కోపంతో చెడ్డ రివ్యూ రాయడం కూడా అబద్ధపు సాక్ష్యమే. పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం ద్వారా తప్ప ఒకరి సొమ్మును ఒకరు అధర్మంగా తినరాదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం (4:29) ఉభయులకూ వర్తిస్తుంది.

చట్టం ఇచ్చిన అండ

వినియోగదారుల రక్షణ చట్టం–2019 కింద 2020 జులైలో ఈ-కామర్స్ నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలు ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వర్ణించిన విధంగా లేని సరుకును తిరిగి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. అమ్మేవారే కొనుగోలుదారుల వేషంలో పొగడ్తలు రాసుకోవడం నిషిద్ధం. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. డబ్బు కాజేసిన సైబర్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

సొమ్ము పంపే ముందు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పగటి వెలుతురులో తీసిన వీడియో అడగాలి. పట్టుచీర అయితే సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో అడగాలి. వాపసు గడువు, తిరుగు రవాణా ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఆ సంభాషణను చెరిపివేయకూడదు. గడువు పెట్టుకున్న అప్పును రాసిపెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) నేర్పింది. ఫోన్‌లోని సందేశం కూడా ఒక రాతే.

మా పొరుగు సోదరి ఇప్పుడు ప్రతి ఫొటో కింద ఇలా రాస్తున్నారు: "ఫొటో నేను తీసినది కాదు. రంగులో కొంత తేడా ఉండవచ్చు. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇవ్వండి." మొదట్లో ఆర్డర్లు తగ్గాయట. వాపసులు, తగవులు కూడా తగ్గాయట. రంగు పోతుందా అని ఎవరైనా అడిగితే, "తెలియదు, ఉతికి చూసి చెబుతాను" అంటున్నారు. ఆ "తెలియదు" అన్న మాట వల్ల ఒక బేరం పోవచ్చు. బర్కత్ మాత్రం పోదు. మన మాటలో నిజాయితీని, మన సంపాదనలో శుభాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.