బొమ్మకి రేటుంటుంది... బస్తీ గోడ మీదైనా!

‘బొమ్మలు భలే వేస్తావు, మా పాప బర్త్‌డేకి ఒకటి వేసి పెట్టవా?’ దగ్గర్నుంచి ‘ఇది సమాజం కోసం కదా, ఇక్కడ కూడా డబ్బులేనా?’ దాకా... బొమ్మలు వేసేవాళ్లు వినని మాట ఉండదు. మొదటిది నవ్వి వదిలేయొచ్చు. రెండోదే కష్టం. ఎందుకంటే మనకీ సమాజం మీద ప్రేముంది. డబ్బు అడిగితే ఆ ప్రేమ అబద్ధమైపోతుందేమోనని భయం.

మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ చదివి బయటికొచ్చి తొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచీ గోడల మీద, కాగితం మీద, ట్యాబ్ మీద బొమ్మలేసే బతుకుతున్నాను. ఈ తొమ్మిదేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. జనం కోసం వేసే బొమ్మలో అన్నిటికంటే ఖరీదైనది రంగు కాదు, జనం చెప్పేది కూర్చుని వినే టైమ్. ఆ టైమ్‌కి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. కట్టకపోతే ముందు వినడం మానేస్తాం. తర్వాత వేయడమే మానేస్తాం.

చీపురు వద్దు బిడ్డా!

మూడేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక బస్తీ మొదట్లో ఉన్న పెద్ద గోడకి బొమ్మ వేయమని ఒక కంపెనీ పిలిచింది. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల గౌరవార్థం అన్నారు. మంచి ఆలోచనే. ఏం వేయాలో కూడా వాళ్లే రాసి పంపారు: చేతిలో చీపురు, ముఖం మీద నవ్వు, పక్కన కంపెనీ లోగో.

నా పద్ధతి ప్రకారం, స్కెచ్ వేసేముందే ఆ బస్తీలో ఉండే కార్మికుల దగ్గరికి వెళ్లాను. పని దిగి వచ్చాక మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతూ విన్నారు. కంపెనీ ఏమడిగిందో చెప్పగానే ఒక పెద్దమ్మ అంది: “పొద్దుగాల లేస్తే చేతిల చీపురే. బొమ్మల గూడ అదేనా బిడ్డా? నా మనవరాలు ఈ తొవ్వలకెళ్లే బడికి పోతది. దాని దోస్తులు సూస్తరు.”

మరెట్లా వేయమంటారని అడిగితే ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. పెళ్లికి కట్టుకున్న పట్టుచీరలో వేయమని ఒకరు. కుర్చీలో కూర్చోబెట్టమని ఇంకొకరు. బతుకమ్మ పట్టుకుని నిలబడతానని మరొకరు. ఇదంతా ఒక్కరోజులో తేలలేదు. మూడు రోజులు పోయాను.

కంపెనీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. ‘చీపురు లేకపోతే వాళ్లెవరో ఎలా తెలుస్తుంది?’ అన్నారు. ‘కింద పేర్లు రాద్దాం’ అన్నాను. చివరికి అలాగే వేశాం. పట్టుచీరల్లో నలుగురు ఆడవాళ్లు, వాళ్లు ఒప్పుకున్న పేర్లు, ఓ మూలన అరచేతంత లోగో.

ఇక్కడ గమనించాల్సింది నా మంచితనం కాదు, నా కొటేషన్. అందులో ‘బస్తీవాళ్లతో మాట్లాడటానికి 3 రోజులు’ అని విడిగా ఒక లైను, దానికో రేటు ఉంది. ‘స్కెచ్ ఖరారు చేసేముందు బొమ్మలో ఉండేవాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి’ అని ఇంకో లైను ఉంది. అవి లేకపోతే మొదటిరోజే చీపురు గీసి, డబ్బులు తీసుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. వాళ్లని తప్పుపట్టలేం. నెలాఖరుకి అద్దె కట్టాలి కదా!

సేవ ఒక్కరిదేనా?

కంపెనీల చట్టం 2013 ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్‌ఆర్ అంటారు. అలాంటి ప్రాజెక్టులో పెయింట్ షాపువాడికి, పరంజా కట్టినవాళ్లకి, ఫొటోగ్రాఫర్‌కి, భోజనాలు తెచ్చినవాళ్లకి డబ్బులిస్తారు. మరి బొమ్మ వేసినవాళ్లు మాత్రమే సేవ చేయాలా?

అడగాలంటే ముందు మన రేటు మనకి తెలియాలి. నేను లెక్క కట్టే తీరు చెబుతా. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి.

నెలకి ఇంటి ఖర్చు 30,000 రూపాయలు అనుకుందాం. ఖాళీ నెలలు, ఇన్సూరెన్స్, పాడైపోయే ట్యాబ్... వీటికోసం ఇంకో 12,000. మొత్తం 42,000. నెలంతా పని దొరకదు. ఫోన్లు, కొటేషన్లు, తిరుగుళ్లు పోగా డబ్బులొచ్చే రోజులు 12 అనుకుంటే, రోజుకి 3,500 రావాలి. అది మీ కనీస రేటు. అంతకు తగ్గితే మీరు చేతి డబ్బు పెట్టి పనిచేస్తున్నట్టే.

ఇప్పుడు గోడ సంగతి. వినడానికి 3 రోజులు, స్కెచ్‌కి 2, గోడ మీద 6. మొత్తం 11 రోజులకి 38,500. ప్రైమర్, బయటి గోడలకి వాడే ఎమల్షన్, బ్రష్షులు 12,000. పరంజా 4,000. ఇద్దరు హెల్పర్లకి రోజుకి వెయ్యి చొప్పున ఆరు రోజులకి 12,000. అంతా కలిపితే 66,500. ఈ కాగితం చూపిస్తే బేరం తీరే మారిపోతుంది. ‘కొంచెం తగ్గించండి’ అంటే ‘ఏ లైను తీసేయమంటారు?’ అని అడగొచ్చు. వినే రోజుల్ని మాత్రం తీయనివ్వను.

బువ్వ పని, బస్తీ పని, నా పని

బస్తీ గోడలతోనే ఏడాదంతా గడుస్తుందా? గడవదు. అందుకే నా పనిని మూడు గిన్నెల్లో పెట్టుకున్నాను. ఒకటి బువ్వ పని: స్కూలు పుస్తకాలు, ప్యాకింగ్ డిజైన్లు, కేఫ్ గోడలు. రెండోది బస్తీ పని. మూడోది ఎవరూ అడగకపోయినా వేసుకునే నా పని. మొదటి గిన్నె నిండితేనే మిగతా రెండూ పొయ్యి మీదికెక్కుతాయి.

దీన్ని రాజీ అనుకునేవాళ్లు మన పెద్దల్ని చూడాలి. బాపు లా చదివారు. పత్రికలకు కార్టూన్లు వేశారు, ప్రకటనల సంస్థలో పనిచేశారు, కథలకు బొమ్మలు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకులయ్యారు. ఇన్ని పనులు చేసినా ఆ గీత మాత్రం ఎక్కడున్నా బాపుదే.

తోట వైకుంఠం అనగానే పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కట్టిన తెలంగాణ ఆడవాళ్లు గుర్తొస్తారు. ఆయనే ‘దాసి’కి కళాదర్శకత్వం చేశారు. గడీలో దాసీగా బతికిన ఆడమనిషి కథతో బి. నర్సింగరావు తీసిన సినిమా అది. 1988 సంవత్సరానికి ఉత్తమ కళాదర్శకుడిగా వైకుంఠానికి జాతీయ అవార్డు తెచ్చింది. కాన్వాస్ మీద సంతకం పెట్టే చెయ్యి, పదిమందితో కలిసి ఒక కాలాన్ని తెరమీద నిలబెట్టింది. సమాజం గురించి చెప్పడానికి గోడే అక్కర్లేదు, ఉద్యమమే అక్కర్లేదు. వచ్చిన పనిలో చోటు వెతుక్కోవచ్చు.

చేర్యాల నేర్పేది

అసలు ‘సమాజంతో కలిసి కళ’ అనేది కొత్త ఫ్యాషనేం కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు పదుల అడుగుల పొడవున్న బట్ట మీద కథలు వేసేవాళ్లు. ఖాదీ బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు. ఆ పటాన్ని కొనేది షావుకార్లు కాదు, ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్లు. మందెచ్చులవాళ్లు గొల్లల కథ, కూనపులివాళ్లు పద్మశాలీల కథ పటం చూపిస్తూ చెప్పేవాళ్లు. అంటే ఆ బొమ్మ మీద రెండు కుటుంబాల బువ్వ ఆధారపడింది. కథ సరిగ్గా రాకపోతే పటం పనికిరాదు. అందుకే కథ తెలియకుండా కుంచె పట్టే వీల్లేదు.

కథ చెప్పేవాళ్లు తగ్గిపోయాక పటాలు అడిగేవాళ్లూ తగ్గారు. చేర్యాల కళాకారులు చిన్న ఫ్రేములు, మాస్కుల వైపు మళ్లారు. జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గీత నిలబడాలంటే కొనేవాళ్లు మారినప్పుడు సైజు మారక తప్పలేదు. వాళ్లే మారకుండా ఉండి ఉంటే, ఇవాళ ఆ ఎరుపుని మ్యూజియంలోనే చూసేవాళ్లం.

కాగితం ఉంటే ధైర్యం

ఇక చాలామంది పట్టించుకోని సంగతి. డబ్బు తీసుకుని ఎవరైనా అడిగితే వేసిన పెయింటింగ్ కాపీరైట్ ఎవరిది? ‘నాదే’ అనుకుంటాం. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అది వేయించుకున్నవాళ్లది! కాబట్టి ‘కాపీరైట్ ఆర్టిస్టుదే, క్లయింట్ ఈ పనికి మాత్రమే వాడుకోవచ్చు’ అన్న ఒక్క వాక్యం పని మొదలుపెట్టేముందే ఉండాలి. హక్కుల్ని రాసిచ్చినా, ఎన్నేళ్లకో రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం ఐదేళ్లకే చెల్లుతుంది.

హక్కు అమ్మేసినా మన దగ్గర ఒకటి మిగులుతుంది. సెక్షన్ 57. అది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు, దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేశారు. ఆయన ప్రభుత్వం మీదే కేసు వేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని తిరిగి ఇవ్వమని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. తీర్పుకి ఎన్నేళ్లు పట్టిందో చూశారుగా! కోర్టుదాకా పోకుండా కాపాడేది ముందే రాసుకున్న కాగితమే.

డబ్బులు నెలల తరబడి నానుస్తున్నారా? ఆధార్, పాన్ ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. చిన్న సంస్థగా నమోదైతే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా మీకు 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. నేను బిల్లు కింద ఈ ఒక్క లైను చేర్చాక, ‘అకౌంట్స్‌వాళ్లు లీవులో ఉన్నారు’ అనే జవాబులు బాగా తగ్గాయి.

ఉచితంగా అస్సలు వేయకూడదా?

వేయొచ్చు. నేనూ వేస్తాను. ఏడాదికి ఒక గోడ, అంతే. ఏ గోడో నేనే ఎంచుకుంటా. అడిగేవాళ్ల దగ్గర నిజంగా డబ్బు లేదని తెలియాలి, హెల్పర్ల కూలి ఎక్కణ్నుంచో ఒకచోట నుంచి రావాలి. నా శ్రమ నేను వదులుకోవచ్చు కానీ, వాళ్ల కూలి వదులుకునే హక్కు నాకు లేదు.

అప్పుడు కూడా బిల్లు మాత్రం వేస్తాను. వినడానికి ఇంత, స్కెచ్‌కి ఇంత, గోడకి ఇంత అని అన్ని లైన్లూ రాసి, కింద నా శ్రమ మొత్తాన్ని ‘తగ్గింపు’ అని కొట్టేస్తాను. కట్టాల్సింది సున్నా. పోయినేడాది ఒక సర్కారు బడి హెడ్మాస్టరు గారికి అలా ఇస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తర్వాత ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టి, “వచ్చేసారి అడిగేటప్పుడు బడ్జెట్ పెట్టుకుని అడుగుతానమ్మా” అన్నారు.