మట్టి బలము నెఱిగిన విదుషి

వేసవి ముదిరి కాలువలు కట్టిన దినములలో తెనాలి, రేపల్లె ప్రాంతముల ఇల్లాండ్రు ఏటేట చూచుచున్నదే యిది. చేలలోని నల్లరేగడి కాలు దిగబడునంతగా నెఱ్ఱెలు వాఱును. కొన్నాళ్లకు వంటయింటి గోడమీద సన్నని బీట యొకటి కానవచ్చును. మేస్త్రిని పిలిపించి పూయింతుము. వానలు పడగానే బీట కొంత మూసికొనును. మఱుసటి వేసవికి అచ్చటనే తిరిగి నోరు తెఱచును. ఇందు గోడ తప్పు లేదు, మేస్త్రి తప్పును లేదు. నీరు త్రాగి యుబ్బి, నీరు పోగానే కుదించుకొనిపోవు మట్టిమీద మనము కాపురమున్నాము.

ఈ యుబ్బునకును కుదింపునకును లెక్క కలదు. ఏ మట్టి యెంత బరువు నోర్చును, ఎంత నీరు చేరిన జాఱును, ఏ కొండచరియ యెంత వాలున నిలుచును అని కొలిచి చెప్పు విద్యకు మృత్తికా యంత్రశాస్త్రమని పేరు. అన్వయ యంత్రశాస్త్రమను పెద్ద చెట్టునకు ఇది యొక కొమ్మ. మన పిల్లలు ఇంజనీరింగు కళాశాలలో అప్లైడ్ మెకానిక్సు అని చెప్పుకొనునది ఆ చెట్టునే. వంతెన దూలము వంగుటయు, నాళములలో నెత్తురు ప్రవహించుటయు, విఱిగిన యెముకకు అమర్చిన లోహపు పట్టీ బరువు మోయుటయు ఆ శాస్త్రము పరిశోధించు విషయములే. ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ టెర్జాగి 1925లో తన గ్రంథమును ప్రకటించిన పిమ్మట మట్టి కొమ్మ వేఱుగా పెరుగజొచ్చినది.

ఇది మగవారి చదువని వెనుదీయు సోదరీమణులు దీనిలోని యొక పరీక్షను వినవలెను. స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఆటర్‌బర్గ్ 1911 ప్రాంతమున దీనికి నాంది పలికెను. తడిపిన మట్టిని గాజుపలకమీద అరచేతితో చేగోడీ త్రాడువలె పేనుదురు. త్రాడు మూడు మిల్లీమీటర్ల సన్నమునకు వచ్చుసరికి పగిలి ముక్కలైనచో, అప్పుడా మట్టిలోనున్న నీటి పాలును లెక్కగట్టి వ్రాసికొందురు. ఇంకను ఎంత నీరు చేర్చిన నా మట్టి జాఱుడు పిండి యగునో మఱియొక పరీక్ష చెప్పును. ఈ రెండంకెల నడుమ దూరము హెచ్చుగనున్న మట్టి సాధారణముగా హెచ్చుగ నుబ్బును. నీరు చాలని పిండి చుట్టునపుడు పగులునని మనకెవరు పాఠము చెప్పిరి? మన చేతికి తెలిసినదానికి వారు అంకె వేసిరి.

ఈ విద్యయందే తన జీవితమును గడిపిన తెలుగు స్త్రీని గూర్చి చెప్పవలెనని యీ వ్యాసము. తెనాలిలో చెన్నపట్టణపు రైలెక్కినచో బాపట్ల, చీరాల దాటి ఒంగోలు చేరుదుము. ఆ ప్రకాశం జిల్లాలోని ఏడుగుండ్లపాడను గ్రామమే డాక్టరు గాలి మాధవీలత గారి స్వగ్రామము. వారిది వ్యవసాయ కుటుంబము. ఆమె కాకినాడలో సివిల్ ఇంజనీరింగు చదివి 1992లో బి.టెక్. పట్టమందిరి. వరంగల్లులో ఎం.టెక్. ముగించి, మద్రాసు ఐ.ఐ.టి.లో పరిశోధన చేసి 2000లో డాక్టరు పట్టమును పొందిరి. కొంతకాలము గౌహతి ఐ.ఐ.టి.లో బోధించి, తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరిరి. అచ్చటి సివిల్ ఇంజనీరింగు శాఖలో తొలి మహిళాధ్యాపకురాలు ఆమెయే.

వారి డాక్టరు పట్టపు పరిశోధన మన డెల్టావారికి చుట్టమువంటిది. మెత్తని నేలమీద రోడ్డుకో రైలుకో ఎత్తైన కట్ట పోయవలసి వచ్చిన నేమి చేయుట? కట్ట బరువునకు అడుగునేల ప్రక్కలకు ఒరిగి క్రుంగును. బియ్యమును కుప్పగా పోసి దానిమీద నెక్కిన కుప్ప చెదరును. అదే బియ్యమును గోనెలో కుట్టినచో దానిమీద మనుష్యుడు నిలువవచ్చును. ఈ న్యాయముననే తేనెపట్టు గదులవలె ప్లాస్టిక్ పట్టీలను కూర్చి, ఆ గదులలో మట్టినో కంకరనో నింపి, దానిపై కట్ట పోసిన నది యెట్లు ప్రవర్తించునో మాధవీలత గారు పరిశోధించిరి. ఆ గదుల అమరికను జియోసెల్ అందురు.

ఇక వంతెన మాట. జమ్మూ కాశ్మీరులో రియాసీ జిల్లాయందు చీనాబు నదిపై రైల్వేవారు కట్టిన కమాను వంతెన 2025 జూను 6వ తేదీన ప్రారంభమైనది. నదీగర్భమునకు 359 మీటర్ల యెత్తు, 1,315 మీటర్ల పొడవు. కమాను విస్తారమే 467 మీటర్లు. పారిసు నగరపు ఈఫిల్ గోపురముకన్న ఎత్తు. ఆ కమాను పాదములు రెండును నిలువవలసినది కొండవాలులమీద. భూకంపములు తీవ్రముగా వచ్చు ప్రదేశమది, రాయియేమో పగుళ్లమయము. ముందు చేసిన పరీక్షలలో కనబడని బోలు తావులు త్రవ్వినకొలది బయటపడెను. కాగితముమీద గీసిన రూపము అచ్చటి రాతికి సరిపడదయ్యెను. అందుచే త్రవ్వినపుడెల్ల రాతిని చూచి, లెక్కను మార్చి, వాలులో పొడుగైన ఉక్కుకడ్డీలను ఎక్కడెక్కడ దింపి సిమెంటుతో బిగింపవలెనో నిర్ణయించుచు పోవలసివచ్చెను. మాధవీలత గారు 17 సంవత్సరములు ఈ పనికి సలహాదారుగా నుండిరి. తరువాత వ్రాసిన శాస్త్రవ్యాసములో ఈ పద్ధతికే, పని సాగినకొలది రూపకల్పనయను నర్థమిచ్చు పేరు పెట్టిరి.

రాతి పగుళ్లను లెక్కించుటలో పూర్వమొక స్త్రీ చేసిన మేలును ఇచ్చట తలచుకొనవలెను. టెర్జాగి గారి భార్య రూత్ టెర్జాగి స్వయముగా భూగర్భశాస్త్రజ్ఞురాలు. రాతిలో రంధ్రము తొలిచి పగుళ్లను లెక్కించునపుడు, రంధ్రమునకు సమాంతరముగా పోవు పగుళ్లు మన కంట పడక తప్పించుకొనునని చూపి, ఆ లోపమును సవరించు లెక్కను ఆమె 1965లో ప్రకటించెను. నేటికిని ఆ సవరణ టెర్జాగి పేరననే వాడుకలో నున్నది. ఆ పేరు విని భర్తదే యనుకొనువారు పలువురుందురు కాబోలు!

మాధవీలత గారి విషయమున దీనికి విపర్యయము జరిగినది. వంతెన ప్రారంభమైన వారములో పత్రికలు ఆమెయే వంతెన కట్టినట్లు వ్రాసినవి. ఆమె దానిని ఒప్పుకొనలేదు. వేలకొలది మందిలో తానొకతెననియు, ఘనత రైల్వేవారిదనియు, తన పని వాలులను నిలుపుటయందును పునాదులయందును తోడ్పడుట యనియు బహిరంగముగా తెలియజేసిరి. నాకు వంతెనకన్న ఈ మాటయే పెద్దదిగా తోచినది. తాను చేసినదానికి సరిగా హద్దు గీయుట పరిశోధకులకు మొదటి పాఠము.

మన ఇండ్లలో చిక్కు ఎచ్చట కలదో చూతము. కూతురిని బి.టెక్. వఱకు చదివించుట నేడు మన జిల్లాలలో వింత కాదు; బాపట్లలో ఇంజనీరింగు కళాశాల 1981 నుండి కలదు. ఆ పైన వచ్చు ఏండ్లే కష్టము. మాధవీలత గారికి బి.టెక్.కును డాక్టరు పట్టమునకును నడుమ ఎనిమిదేండ్లు పట్టినవి. ఆ యెనిమిదేండ్లే మనము సంబంధములు చూచు ఏండ్లు. పెండ్లియైన పిమ్మట చదువుకొనవచ్చు నందురు. మట్టి ఆగునా? బరువు క్రింద మట్టి యెంత క్రుంగునో చూచు పరీక్షలో ఒక్కొక్క బరువును ఇరువదినాలుగు గంటలుంచి, మొదట నిముషముల లెక్కనను, తరువాత గంటల లెక్కనను సూచిని చదువవలెను. ఒక నమూనాకే వారము దినములు గడచును. సాయంకాలపు వంటకు ఇల్లు చేరవలసిన కోడలికి ఆ సూచి నెవరు చదువుదురు? అత్తగారో భర్తయో ఆ పూట పొయ్యి ముట్టించిననే ఆ పరీక్ష సాగును.

అట్లు తోడ్పడిన ఇండ్లు లేకపోలేదు. మన తెలుగువారి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత గారు 1937లో, నాలుగు నెలల బిడ్డ యొడిలోనుండగా భర్తను గోల్పోయిరి. తండ్రి పప్పు సుబ్బారావు గారు తాము ఆచార్యులుగానున్న గిండీ ఇంజనీరింగు కళాశాలలోనే ఆమెను చేర్పించిరి. ఆమె 1943లో విద్యుత్ ఇంజనీరింగు ముగించిరి. పట్టపు పత్రముమీద పురుషుని సూచించు పదమే అచ్చైయుండగా దానిని కొట్టివేసి స్త్రీపదము వ్రాయవలసి వచ్చెనట.

ధనము మాట యడుగువారికి: పరిశోధన తండ్రికి బరువు కాదు. గేట్ పరీక్షలో కృతార్థురాలై ఎం.టెక్. చేరిన విద్యార్థినికి ప్రభుత్వము నెలకు 12,400 రూపాయలిచ్చుచున్నది. 2023లో హెచ్చించిన ప్రకారము పరిశోధక వేతనము మొదటి రెండేండ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు. బి.టెక్. మూడవ సంవత్సరము చదువుచున్నవారును గేట్ వ్రాయవచ్చును. పరీక్ష ఫిబ్రవరిలో జరుగును. దరఖాస్తులు అంతకుముందు వర్షకాలము వెళ్లునప్పటికే పంపవలెను.