అద్దం ఉన్నా తల ఊగుతోందా?

పిడుగురాళ్ల సున్నం లారీలు తిరిగే అద్దంకి-నార్కట్‌పల్లి రహదారిలో నకరికల్లు దాటుతున్నారు. బైకుకి విండ్‌షీల్డ్ ఉంది. అయినా హెల్మెట్ దడదడలాడుతోందా? చాలాసార్లు తేడా అద్దం ఎత్తులోనే ఉంటుంది. దాని పై అంచు దాటిన గాలి సుడులు తిరుగుతుంది. అద్దం వెనక పీడనం తక్కువ కాబట్టి ఆ సుడులు తలకు తగులుతాయి. వేగం 40 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే గాలి తాకిడి నాలుగింతలవుతుంది.

ఖాళీ రోడ్డు మీద, చూపు ముందే ఉంచి, కాస్త వంగి చూడండి. కుదుపు తగ్గితే ఇంకాస్త ఎత్తు అద్దం కావాలి. తల పైకెత్తితే తగ్గిందా, పొట్టిది మేలు. అద్దం కింద కొంచెం సందు వదిలినా పీడనం సర్దుకుంటుంది. తల కుదురుగా ఉంటేనే ఎదురొచ్చే లారీ స్పష్టంగా కనిపిస్తుంది మరి!