ఉత్కంఠ చిత్రాలలో కూర్పు

సినిమా కోసం విడివిడిగా చిత్రీకరించిన షాట్లను ఎంపిక చేసి, తగిన నిడివికి కత్తిరించి, ఒక వరుసలో కలిపే ప్రక్రియను కూర్పు లేదా ఎడిటింగ్ అంటారు. ఈ పని చేసే సాంకేతిక నిపుణుడిని ఎడిటర్ అంటారు. అన్ని రకాల చిత్రాలకూ కూర్పు అవసరమే అయినప్పటికీ, నేరపరిశోధన, భయానక, సస్పెన్స్ థ్రిల్లర్ చిత్రాలలో దీని పాత్ర అత్యంత కీలకమైనది. షాట్లు వేగంగా మారడం వలన ఉత్కంఠ కలుగుతుందని సాధారణంగా భావిస్తారు. వేగం అనేక సాధనాలలో ఒకటి మాత్రమే. ఏ విషయం ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు తెలియాలి అన్న నిర్ణయమే ఉత్కంఠకు మూలం. ఆ నిర్ణయం కూర్పు బల్ల మీద అంతిమరూపం పొందుతుంది.

కొలతలు, తొలి ప్రయోగాలు

సాధారణంగా సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. 35 మి.మీ. ఫిల్ములో ఒక అడుగుకు 16 ఫ్రేములు వస్తాయి. అనగా ఒక సెకను దృశ్యానికి ఒకటిన్నర అడుగు, ఒక నిమిషానికి 90 అడుగుల ఫిల్ము అవసరమవుతుంది. రెండున్నర గంటల చిత్రం నిడివి 13,500 అడుగులు. ఫిల్మును చేతితో కత్తిరించి అతికించిన రోజులలో ఎడిటర్లు కాలాన్ని అడుగులలో, ఫ్రేములలో లెక్కించేవారు. ఒక ముఖాన్ని ఆరు ఫ్రేములు ఎక్కువసేపు ఉంచడమంటే సెకనులో నాలుగవ వంతు ఎక్కువ చూపడం. ఉత్కంఠ సన్నివేశాలలో ఈ స్వల్పమైన తేడా కూడా ప్రేక్షకుడి అనుభవాన్ని మారుస్తుంది.

రెండు షాట్లను పక్కపక్కన ఉంచినపుడు, ఆ రెండింటిలోనూ లేని మూడవ భావం ప్రేక్షకుడి మనసులో పుడుతుందని రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో చేసిన ప్రయోగం ద్వారా ప్రసిద్ధమైంది. నటుడు ఇవాన్ మొజుఖిన్ ముఖాన్ని ఒకసారి ఆహారపు పళ్ళెంతో, ఒకసారి శవపేటికతో, ఒకసారి స్త్రీతో జతచేసి చూపినపుడు, ముఖం మారకపోయినా ప్రేక్షకులకు అందులో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయని చెబుతారు. భయం విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మూసిన తలుపు షాటు ఒంటరిగా ఉంటే అది తలుపు మాత్రమే. దానికి ముందు కత్తి పట్టుకున్న చేయి కనిపిస్తే అదే తలుపు భయాన్ని కలిగిస్తుంది.

ఎవరికి ఏమి తెలుసు?

ఈ అంశాన్ని ఒక కల్పిత సన్నివేశంతో అర్థం చేసుకోవచ్చు. కదిరి నుండి వచ్చిన చివరి బస్సు దిగి ఒక మహిళ నంబులపూలకుంట శివారులోని తన ఇంటివైపు నడుస్తున్నదనుకుందాం. ఎడిటర్ దగ్గర నాలుగు షాట్లు ఉన్నాయి.

1. మహిళ చీకటి దారిలో నడవడం
2. ఇంటి తలుపు గడియ విరిగి వేలాడుతూ ఉండడం
3. ఇంటి లోపల ఒక అపరిచితుడు గోడకు ఆనుకొని నిలబడి ఉండడం
4. మహిళ చేయి తలుపును తోయడం

వీటిని 1, 4, 3 వరుసలో కలిపితే తలుపు తెరిచిన తరువాతనే అపరిచితుడు కనిపిస్తాడు. ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. ఇది ఆశ్చర్యం. దీని ప్రభావం రెండు మూడు సెకన్లకు మించి నిలవదు. 1, 2, 4 వరుసలో కలిపి మూడవ షాటును పక్కన పెడితే, గడియ ఎవరు విరిచారన్న ప్రశ్న మహిళతో పాటు ప్రేక్షకుడికీ కలుగుతుంది. ఇది కుతూహలం. అదే 3, 1, 4 వరుసలో కలిపితే, లోపల మనిషి ఉన్నాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె వేసే ప్రతి అడుగూ ప్రేక్షకుడికి భారమవుతుంది. ఇది ఉత్కంఠ. ఈ మూడు అనుభవాలకూ కొత్తగా ఏమీ చిత్రీకరించలేదు. ఉన్న షాట్లలో ఎంపిక, వాటి వరుస మాత్రమే మారాయి.

దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ భేదాన్ని బల్లకింద బాంబు ఉదాహరణతో వివరించాడు. బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకులకు దక్కేది కొద్ది సెకన్ల దిగ్భ్రాంతి. బాంబు ఉన్న సంగతి వారికి ముందే తెలిస్తే, బల్ల చుట్టూ కూర్చున్నవారు మాట్లాడుకునే మామూలు మాటలు కూడా నిమిషాల తరబడి ఉత్కంఠను కలిగిస్తాయి.

తెలుగులో ఈ పద్ధతి థ్రిల్లర్ అన్న మాట వాడుకలోకి రాకముందే ఉంది. అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన జానపద చిత్రం పాతాళభైరవి (1951) ఇందుకు మంచి ఉదాహరణ. సాహసవంతుడైన యువకుడిని బలి ఇవ్వాలన్న నేపాళ మాంత్రికుడి పన్నాగం తోట రాముడికంటే ముందు ప్రేక్షకులకు తెలుస్తుంది. రాముడు అతనిని నమ్మి వెంట వెళుతున్నంతసేపూ ప్రేక్షకులు ఆందోళన చెందుతారు. తరువాత శాపవిముక్తురాలైన అప్సరస ద్వారా రాముడికీ నిజం తెలుస్తుంది. ఇప్పుడు రాముడికి తెలిసిన సంగతి మాంత్రికుడికి తెలియదు. ప్రమాదం అదే, స్థలం అదే, తెలిసినవారు తెలియనివారు మారారు. ఈ చిత్రానికి సి.పి.జంబులింగం, ఎం.ఎస్.మణి కూర్పు నిర్వహించారు.

కాలాన్ని సాగదీయడం, కుదించడం

తెరమీది కాలం గడియారపు కాలం కాదు. ఒక మనిషి వరండా దాటడానికి పది సెకన్లు పడితే, మధ్యలో అతని పాదాలు, తలుపు సందు, లోపలివారి ముఖం చూపించి ఎడిటర్ దానిని ముప్పై సెకన్లు చేయగలడు. అదేవిధంగా గంట ప్రయాణాన్ని రెండు షాట్లలో ముగించగలడు. ఉత్కంఠ చిత్రాలలో అప్రధానమైన కాలాన్ని కుదించి, ప్రమాదానికి ముందున్న కాలాన్ని పొడిగిస్తారు.

1952లో విడుదలైన అమెరికా చిత్రం హై నూన్‌లో మధ్యాహ్నం వచ్చే రైలులో శత్రువు దిగుతాడన్న ఒక్క విషయం చుట్టూ కథ నడుస్తుంది. గడియారాలను మాటిమాటికీ చూపే ఈ చిత్రం కూర్పునకు ఎల్మో విలియమ్స్, హ్యారీ గెర్‌స్టాడ్‌లు ఆస్కార్ పురస్కారం పొందారు. సైకో (1960) చిత్రంలోని స్నానాలగది హత్యాసన్నివేశం దీనికి భిన్నమైన ఉదాహరణ. జార్జ్ టొమాసిని కూర్చిన ఈ సన్నివేశంలో హత్య సుమారు 45 సెకన్లపాటు సాగుతుంది. దీనికోసం 78 కెమెరా స్థానాలు, 52 కత్తిరింపులు వాడినట్లు చెబుతారు. కత్తి దిగుతున్న దృశ్యం దాదాపుగా కనిపించదు. చేయి, నోరు, నీరు, కత్తి వంటి ముక్కలను ప్రేక్షకుడే కలుపుకొని గాయాన్ని ఊహిస్తాడు. అయితే ఈ వేగం పనిచేయడానికి కారణం దానికి ముందున్న నిదానం. కథానాయిక ప్రశాంతంగా స్నానం ప్రారంభించడాన్ని తొందరలేకుండా చూపడం వలననే తరువాతి కత్తిరింపులు దెబ్బలవలె తగులుతాయి.

నిడివి విషయంలో కె.వి.రెడ్డి పద్ధతి విద్యార్థులు గమనించదగినది. ఆయన రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్‌తో సన్నివేశాల కాలాన్ని కొలిచి, చిత్రీకరణకు ముందే సినిమా నిడివిని నిర్ణయించుకొనేవాడని ప్రసిద్ధి. అనగా కూర్పులో సగభాగం కాగితం మీదనే జరిగిపోయేది.

సమాంతర కూర్పు

వేర్వేరు చోట్ల ఒకే సమయంలో జరిగే సంఘటనలను మార్చిమార్చి చూపడాన్ని సమాంతర కూర్పు అంటారు. డి.డబ్ల్యు.గ్రిఫిత్ తీసిన ద లోన్లీ విల్లా (1909) అనే చిన్న చిత్రంలో ఇంట్లో చిక్కుకున్న కుటుంబం, తలుపు పగలగొడుతున్న దొంగలు, రక్షించడానికి వస్తున్న భర్త అనే మూడు పాయలు కలుస్తాయి. పాయలు ఎప్పుడు కలుసుకుంటాయి అన్నదే ఇందులోని ఉత్కంఠ. పాయల మధ్య మార్పులు క్రమంగా త్వరితం అవుతుంటే, సంఘర్షణ దగ్గరపడుతున్నట్లు ప్రేక్షకుడు గ్రహిస్తాడు.

రామ్ గోపాల్ వర్మ దర్శకత్వం వహించిన క్షణ క్షణం (1991) చిత్రకథ ఇటువంటి కూర్పునకు అనువైనది. బ్యాంకు దోపిడీ సొమ్ముకు సంబంధించిన ఆధారం సత్య అనే యువతి చేతికి ఆమెకు తెలియకుండానే చేరుతుంది. దొంగలు, పోలీసులు, పారిపోతున్న జంట అనే పాయలు చిత్రమంతటా నడిచి, చివరకు కదిలే రైలులో పతాకస్థాయికి చేరుకుంటాయి.

సమాంతర కూర్పుతో ప్రేక్షకుడిని తప్పుదారి పట్టించడమూ సాధ్యమే. ద సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్ (1991) చిత్రంలో పోలీసులు ఒక ఇంటిని చుట్టుముట్టడం, లోపల హంతకుడు గంట శబ్దం వినడం మార్చిమార్చి చూపబడతాయి. రెండూ ఒకే ఇల్లని ప్రేక్షకుడు నమ్ముతాడు. తలుపు తెరిచినపుడు హంతకుడి ఎదుట ఉన్నది ఒంటరిగా వచ్చిన కథానాయిక. ఆశ్చర్యం ఒక్క క్షణంలో ఉత్కంఠగా మారుతుంది.

చూపకపోవడం

తీసివేసిన భాగం కూడా కూర్పులో భాగమే. జాస్ (1975) చిత్రంలో యాంత్రిక సొరచేప సరిగా పనిచేయకపోవడంతో దానిని చాలాసేపు చూపకుండా, నీటి ఉపరితలం, ఈదుతున్న మనుషులు, సంగీతంతోనే భయం కలిగించారు. ఎడిటర్ వెర్నా ఫీల్డ్స్‌కు ఈ చిత్రానికి ఆస్కార్ లభించింది.

తెలుగులో వంశీ దర్శకత్వం వహించిన అన్వేషణ (1985) అడవి నేపథ్యంలో సాగే చిత్రం. వరుస మరణాలకు కారణం పులి అని పాత్రలు నమ్ముతుండగా, నిజమైన కారణం కోసం అన్వేషణ జరుగుతుంది. కంటికి కనబడని ప్రమాదం చుట్టూ అల్లిన కథ ఇది. దీనికి అనిల్ మల్నాడ్ కూర్పు, ఇళయరాజా సంగీతం సమకూర్చారు. అంతకుముందు వంశీ చిత్రం సితార (1984)కు గాను అనిల్ మల్నాడ్ ఉత్తమ ఎడిటర్‌గా జాతీయ పురస్కారం అందుకున్నాడు.

చంద్రశేఖర్ యేలేటి దర్శకత్వంలో వచ్చిన అనుకోకుండా ఒక రోజు (2005) చిత్రంలో ఈ పద్ధతి కథాంశంగానే మారింది. కథానాయిక సహస్ర ఒక విందుకు వెళ్ళి, తెలియకుండా మత్తుపదార్థం తీసుకొని, నిద్ర లేచిన తరువాత తన జీవితంలో ఒక రోజు మాయమైనట్లు తెలుసుకుంటుంది. ఏ సినిమాలోనైనా రాత్రి నుండి ఉదయానికి దాటించే కత్తిరింపును ప్రేక్షకుడు సహజంగా స్వీకరిస్తాడు. ఈ చిత్రంలో ఆ సందులోనే రహస్యం దాగి ఉంటుంది.

శబ్దం, నిశ్శబ్దం

తరువాతి దృశ్యపు శబ్దాన్ని ముందుగానే వినిపించడం, పాత దృశ్యపు శబ్దాన్ని కొత్త దృశ్యంలోకి కొనసాగించడం ఎడిటర్లు తరచుగా వాడే పద్ధతులు. తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించిన తరువాత కొద్ది సెకన్లకు తలుపును చూపితే, ఆ వ్యవధిని ప్రేక్షకుడి ఊహ నింపుతుంది. నేపథ్య సంగీతాన్ని హఠాత్తుగా ఆపడం కూడా అంతే బలమైన సాధనం. ప్రతి క్షణమూ పెద్దగా మోగే సంగీతం ఈ అవకాశాన్ని పోగొడుతుంది.

కత్తిరించకపోవడం

కొన్నిసార్లు షాటును కత్తిరించకపోవడమే ఉత్కంఠను పెంచుతుంది. హిచ్‌కాక్ తన రోప్ (1948) చిత్రాన్ని అతి దీర్ఘమైన షాట్లతో తీశాడు. శవాన్ని దాచిన పెట్టె మీదనే విందు ఏర్పాటు చేస్తారు. కత్తిరింపు లేనపుడు ప్రేక్షకుడికి తప్పించుకొనే దారి ఉండదు. చూపు మరల్చడానికి మరొక షాటు రాదు.

తెలుగు చిత్రాలలో ప్రత్యేక పరిస్థితులు

తెలుగు చిత్రాల ఎడిటర్‌కు రెండు ప్రత్యేకమైన బాధ్యతలు ఉన్నాయి. మొదటిది పాటలు. ఉత్కంఠ మధ్యలో వచ్చే పాట బిగిని సడలిస్తుంది. అయితే తగినచోట వచ్చే సడలింపు అవసరమే. క్షణ క్షణంలో అడవిలో తలదాచుకున్న జంటకు రాత్రివేళ వచ్చే జోలపాట ప్రేక్షకుడికి కూడా విశ్రాంతినిచ్చి, తరువాతి ప్రమాదానికి సిద్ధం చేస్తుంది. రామ్ గోపాల్ వర్మ హిందీలో తీసిన కౌన్ (1999) వంటి చిత్రాలలో పాటలు పూర్తిగా తొలగించబడ్డాయి.

రెండవది విశ్రాంతి. పది పదిహేను నిమిషాలు బయటకు వెళ్ళే ప్రేక్షకుడు ఒక ప్రశ్నతో వెళ్ళాలి. అందువలన విశ్రాంతికి ముందు చివరి షాటు ఎక్కడ ముగియాలన్నది ముఖ్యమైన నిర్ణయం. జవాబు ఇచ్చి ఆపితే రెండవ భాగం మళ్ళీ మొదటినుండి బిగి పుంజుకోవలసి వస్తుంది.

ప్రేక్షకుడి నమ్మకం

థ్రిల్లర్ చిత్రం ప్రేక్షకుడి దగ్గర సమాచారాన్ని దాచవచ్చు. కానీ రహస్యం బయటపడిన తరువాత వెనక్కి తిరిగి చూస్తే ముందరి షాట్లు అర్థవంతంగా ఉండాలి. పాత్రకు తెలిసిన విషయాన్ని ఆ పాత్ర కోణంలోనే కథ చెబుతూ కారణం లేకుండా దాచడం, జరగని సంఘటనను జరిగినట్లు చూపడం వంటివి ప్రేక్షకుడికి మోసపోయిన భావన కలిగిస్తాయి. ఒకసారి నమ్మకం పోయిన తరువాత ఎన్ని కత్తిరింపులు చేసినా ఉత్కంఠ కలగదు.

శ్రీప్రియ దర్శకత్వంలో 2014లో విడుదలైన దృశ్యం ఈ సమస్యను కథలోనే చర్చించింది. ఇది అంతకుముందు ఏడాది వచ్చిన మలయాళ చిత్రానికి పునర్నిర్మాణం. కేబుల్ టీవీ నడిపే రాంబాబు సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో, తన కుటుంబం ఒక రోజు చేసిన పనులు మరొక రోజు జరిగినట్లుగా సాక్షుల జ్ఞాపకాలలో నిలుపుతాడు. సాక్షులు అబద్ధం చెప్పరు. వారు చూసినవి నిజమైన దృశ్యాలే, తారీఖు మాత్రమే మారింది. ఒక విధంగా రాంబాబు చేసినది ఎడిటర్ పనే. ఈ చిత్రానికి మార్తాండ్ కె.వెంకటేష్ కూర్పు నిర్వహించాడు.

కూర్పును పరిశీలించే విధానం

బాగా కుదిరిన కూర్పు కంటికి కనిపించదు. అందువలన ప్రశంస సాధారణంగా నటులకు, దర్శకులకు చేరుతుంది. విద్యార్థులు ఒక ఉత్కంఠ సన్నివేశాన్ని రెండవసారి శబ్దం లేకుండా చూసి, షాటు మారిన ప్రతిసారీ ఒక గీత గీసుకుంటే కత్తిరింపుల వేగం తెలుస్తుంది. ప్రతి గీత వద్ద ప్రేక్షకుడికి కొత్తగా ఏమి తెలిసింది, పాత్రకు ఇంకా ఏమి తెలియదు అని రాసుకుంటే సన్నివేశ నిర్మాణం బోధపడుతుంది. ఇందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక కాగితం, కలం, సెకన్లు చూపే గడియారం సరిపోతాయి.